చెల్లెలి చేతిలో చరక్

గాలిపటాల పండక్కి అందరం కలిసి బస్సులో పోదామని మా ఊరి తెలుగువాళ్ళు అనుకున్నప్పుడు, ముందు చెయ్యెత్తింది నేనే. నేనుండేది ఇంగ్లండులో, సముద్రానికి కాస్త దూరంగా ఉన్న ఊళ్ళో. ఆ నెల నా చెల్లెలు చిక్కడపల్లి నుంచి నన్ను చూడ్డానికి వచ్చి ఉంది. ఫోన్లో పండగ మాట చెప్పినప్పుడే నారాయణగూడలో కాగితం పతంగులు కొని, విరగకుండా అట్టముక్కల మధ్య పెట్టి, పెట్టెలో చీరల కింద దాచి తెచ్చింది. దారం చుట్టే చరక్ కూడా తెచ్చింది. దానికి గాజుపొడి మాంజా కాదు, ఉత్త దారమే. "ఎవరి మెడకన్న తాకితే పరేషాన్ అయితది," అంది. అంత జాగ్రత్త మనిషి. అవన్నీ నాకోసమే తెచ్చిందనుకున్నాను.

బస్సులో పులిహోర డబ్బాలు చేతులు మారుతుంటే నేను నా చిన్ననాటి ప్రతాపం అందుకున్నాను. "ఆడపిల్ల మిద్దెక్కి పతంగి ఎగరేస్తే కవాడిగూడ దాక చూస్తరు," అని నాన్న గద్దించడం, నేను అన్నం మానేసి మూల కూర్చోవడం, చివరికి ఆయనే దిగొచ్చి "చెల్లెను తోడు తీస్కపో" అని షరతు పెట్టడం. మా గల్లీలో పతంగి ఎగరేసిన మొదటి ఆడపిల్లని నేనే. అశోక్ నగర్ మగపిల్లల పతంగులు కూడా కోసి పడేసేదాన్ని. ఈ కథ ఇక్కడి ఆఫీసులో చెప్పాను, ఆడవాళ్ళ సమావేశంలో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని నవ్వుతూ వింది. నోట్లో నాలుక లేని మనిషి.

సముద్రపొడ్డున ఇసుక మీద ఎక్కడ చూసినా నైలాన్ గాలిపటాలే. చేపలు, ఆక్టోపస్‌లు, ఇంత లావు ఎలుగుబంటి ఒకటి. ఎవరూ ఎవరి దారం తెంపరు. పేంచ్ పడని పండగేం పండగని నాకు చిరాకేసింది. మన పతంగంటే ఏమిటో చూపిద్దామని ఒకటి తీశాను.

"గాలి జోరుగున్నది, జర తగ్గనియ్యి అక్కా," అంది చెల్లెలు. నేను వింటేనా? మొదటిది లేచీ లేవకముందే చిరిగింది. తర్వాతవీ అంతే. చివరికి ఒక్క ఎర్రది మిగిలింది. అప్పటికి గాలి కొంచెం నెమ్మదించింది, అది లేచింది. చెల్లెలు నా వెనకాల చరక్ పట్టుకుని నిలబడి ఉంది. నేనిచ్చానో, ఆమే తీసుకుందో నాకు గుర్తు లేదు.

మాతో వచ్చిన గుంటూరావిడ ఫోటో తీస్తూ ఆమెని అడిగింది. "మీరూ అక్కలాగే ఎగరేసేవారా అండీ?"

"లేదండి. నేనెన్నడు ఎగరెయ్యలే. చరక్ పట్టేదాన్ని," అంది చెల్లెలు. "ఈసారన్న ఒకటి ఎగరేద్దామనే ఇవి తెచ్చిన."

నవ్వుతూనే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మిద్దె మీద అన్నేళ్ళూ ఆమె నా వీపు చూస్తూ నిలబడింది. ఆడపిల్లల తరఫున పోట్లాడి గెలిచానని ఊరంతా చెప్పుకున్నాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం ఆడపిల్లలం, గెలిచింది ఒక్కదాన్నే. "నువ్వు ఎగరేస్తవా?" అని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. ఆమెకి ఇష్టం లేదనుకున్నానంటే అదీ అబద్ధమే. అసలు ఆమె గురించి అనుకోనేలేదు.

"దా, నువ్వు పట్టు," అని దారం ఆమె చేతికిచ్చి, చరక్ నేను తీసుకున్నాను.

"అబ్బ, ఎట్ల గుంజుతుందో చూడు!" అంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, మొహం చిన్నపిల్లలా అయిపోయింది. అంతలో పతంగి ఒక పక్కకి ఒరిగింది.

"ఢీల్ ఇయ్యి! దారం వదులు! గట్ల గుంజకు!" అని అరిచాను. ఆమె వదిలేలోపే నా చెయ్యి పోయి దారం లాగేసుకుంది. చరక్ ఇసుకలో పడింది. పతంగి గిరికీలు కొడుతూ పోయి నీళ్ళలో పడింది. చూస్తుండగానే ఎర్ర కాగితం నానిపోయి పుల్లలు తేలాయి.

ఒక్క నిమిషం కూడా ఆమె చేతిలో ఉండనివ్వలేదు నేను.

"తప్పయిపోయిందే," అన్నాను.

"ఏం గాదు తియ్యి అక్కా. అది ఎట్లన్న పడేటట్టే ఉండె."

నాలుగు తిట్టినా బాగుండేది. కనీసం ఈ పనైనా చేద్దామని చరక్ తీసి, మిగిలిన దారం చుట్టడం మొదలుపెట్టాను. నేను తిప్పుతుంటే దారం ఒక పక్కకే కుప్పపడింది, జారింది, తడి ఇసుకతో కలిసి చిక్కుపడింది. ఎక్కడ లాగినా ఇంకా బిగుసుకుంటోంది. చెల్లెలు కాసేపు చూసి, నా పక్కన కూర్చుని, చిక్కులు విప్పి, నా చేతుల్లోంచి చరక్ తీసుకుంది.

"నీకు రాదక్కా," అంది. "నువ్వెప్పుడన్న పట్టినవా?"