గోడ మీద రాయని అంకె

మా చిన్నాయన పోయిన మంగళవారం వనపర్తిలో కన్నుమూశాడు. చిన్నమ్మ ఫోన్ చేసేసరికి నేను గద్వాలలో ఆఫీసులో ఉన్నాను. "మీ చిన్నాయన పోయిండు బిడ్డా, జర జల్ది రా" అంది. ఏడుపు రాలేదు. సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

ఊళ్ళో చాలామంది ఆయన్ని జిరాక్స్ షాపాయనగానే ఎరుగుదురు. అంతకుముందు అదే గదిలో రూపాయి బిళ్ళ వేస్తే ఆడే వీడియో గేముల మిషన్లు మూడుండేవి. బీరువాలంత చెక్క పెట్టెలు. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసినవాటిని కొని, పల్లికాయ దింపి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో వేసుకొచ్చాడు. పెద్ద రూపాయి పోయి చిన్న రూపాయి వచ్చినప్పుడు మిషన్లు బిళ్ళను మింగేవే కానీ ఆట ఇచ్చేవి కావు. గడియారాలు బాగుచేసే ఆయన్ని పిలిపించి, బిళ్ళ పడే సందులో రేకు ముక్క అతికించి ఇరుకు చేయించాడు.

ఆయన పద్ధతులు ఆయనవి. గుమ్మం పక్కన నీళ్ళ బకెట్ ఉండేది. పల్లీలు తిన్న చేతులతో మీటలు ముట్టనిచ్చేవాడు కాదు. గెలిచిన సంబరంలో ఎగిరి గంతేసి రెండు స్టూళ్ళు విరగ్గొట్టాక "గెలిచినోడు మెల్లగ లేవాలె" అనడం మొదలుపెట్టాడు. కరెంటు పోతే మిషన్ స్కోర్లన్నీ మరిచిపోయేది. మా వైపు కరెంటుకు పోవడమే పని. అందుకని పెద్ద స్కోర్లను సుద్దముక్కతో గోడ మీద పేరుతో సహా రాసేవాడు. షరతొక్కటే. ఆడినవాళ్ళు కాక ఇంకో ఇద్దరు కళ్ళారా చూడాలి.

ఆ గోడ మీదికి నా పేరు ఎక్కాలని నాకు పిచ్చిగా ఉండేది. ఆడపిల్లలెవరూ రాని షాపది. ఎనిమిదో తరగతి వేసవిలో, ఎండకు జనం ఉండని మధ్యాహ్నాలు, దొంగలు తరుముతుంటే సందుల్లో తప్పించుకునే ఆట ఆడేదాన్ని. ఒకరోజు గోడ మీద అన్నిటికన్నా పైనున్న అంకెను దాటేశాను. నాది నలభై ఏడు వేల రెండు వందలు. చిన్నాయన నా వెనకే నిలబడి చూస్తున్నాడు. అంతలో కరెంటు పోయింది.

"రాయి చిన్నాయనా" అన్నాను.

"నేనొక్కన్నే చూసిన బిడ్డా. ఇంకొకరు లేరు."

"నువ్వు చూసినవ్ గద."

"చూసిన. కానీ నువ్వు మా ఇంటి పిల్లవు. గిట్ల రాస్తే రేపు ఈ గోడను ఎవ్వడు నమ్ముతడు?"

దసరా దాకా ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఆ అంకె దరిదాపులకు పోలేకపోయాను. నిజం చెప్పాలంటే పెద్దయ్యాక కూడా ఆ కోపం కొంత మిగిలే ఉంది. ఫోన్లు వచ్చి షాపు బోసిపోయింది. రెండు మిషన్లు పాత సామానులోకి పోయాయి. నేనాడినది కొనేవాళ్ళు లేక ఇంట్లో లోపలి గదిలో పడి ఉంది. జిరాక్స్ మిషన్ పెడుతూ ఆ గోడకు రంగు వేయించినప్పుడు నాకేమీ అనిపించలేదు.

పోయిన నెల దవాఖానలో ఆయన్ని చూడటానికి వెళ్ళాను. అప్పటికి పేర్లు తడబడుతున్నాడు. చిన్నమ్మను వాళ్ళక్క పేరుతో పిలిచాడు. నన్ను చాలాసేపు చూసి, "నలభై ఏడు వేల రెండొందలు" అన్నాడు. మళ్ళీ తనే, "రాస్తే మంచిగుండేది అని శానా సార్లు అనిపించింది. అయినా రాయరాదు" అన్నాడు.

ఇన్నేళ్ళ కోపం అక్కడే పోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ అంకె తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే. అందుకే మీకు చెబుతున్నాను.

మూడో రోజు చుట్టాలకు చోటు కోసం ఆ మిషన్‌ను వాకిట్లోకి జరిపారు. ఎండ పడగానే, ఏళ్ళ తరబడి ఒకే బొమ్మ వెలిగి వెలిగి కాలిన గీతలు తెర అద్దం మీద సన్నగా కనిపించాయి. సందులు, మలుపులు, పైన స్కోర్ అనే మాట. దాని పక్కన, ఆటాటకూ మారిపోయే అంకె ఉండాల్సిన చోట అద్దం ఉత్తగా, నల్లగా ఉంది.