మాత్రల డైరీలో మార్మలేడ్

ఆ రోజు పొద్దున హాలిఫాక్స్ ఆసుపత్రికి బయలుదేరే ముందు మా అక్క మోరాగ్ నా కారు చుట్టూ ఒకసారి తిరిగింది. నాలుగు టైర్లనూ బూటు కొనతో తన్ని చూసింది. వెనక దీపాల మీద పేరుకున్న మంచును చేతితొడుగుతో తుడిచింది. అప్పటికే నిలబడే ఓపిక లేదు. ఒక చెయ్యి కారు మీద ఆనించుకుంటూ తిరిగింది.

"ఎడమ పక్క ముందు టైర్లో గాలి తగ్గిందే ఎఫీ. రోజూ తోలేదానివి, ఆ మాత్రం చూసుకోవా?"

"ఎక్కవే అక్కా, చలికి చచ్చిపోతావ్."

"నేను చలికి పోనని డాక్టర్లు ఎప్పుడో తేల్చేశారు. నువ్వు ముందు గాలి కొట్టించు."

గాలి కొట్టించాకే బయలుదేరాం. ఆమె మళ్లీ ఇల్లు చూడలేదు. పదకొండో రోజున, మార్చి మధ్యలో, పోయింది.

మోరాగ్ బీటన్ అంటే మా జూడిక్ తీరంలో అందరికీ పసుపుపచ్చ బడి బస్సే గుర్తొస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ బస్సు నడిపింది. పొద్దున ఆరింటికి టార్చిలైటు పట్టుకుని బస్సు చుట్టూ తిరిగేది. ఏ చిన్న లోపం కనిపించినా డ్రైవర్ల పుస్తకంలో రాసేది. పెళ్లి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, "నలభై ముగ్గురు పిల్లలున్న దాన్ని ఎవడు చేసుకుంటాడు?" అనేది. ఆ నలభై ముగ్గురూ ఆమెకు భయపడేవాళ్లు. పెద్దయ్యాక వాళ్లే ఆమె ఇంటి ముందు మంచు తవ్వి పోసేవాళ్లు.

యాభై ఎనిమిదో ఏట పొట్ట ఉబ్బరం మొదలైంది. బస్సు సీటు పాతబడి అలా ఉందనుకుంది. సీటు మార్పించింది కూడా. అది అండాశయం క్యాన్సర్ అని తేలేసరికి లోపల చాలా దూరం పాకింది. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు. రెండేళ్లకు మళ్లీ వచ్చింది, మళ్లీ కీమో ఇచ్చారు. అది బాగానే పనిచేసింది, కానీ ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడే డాక్టరు ఒక పరిశోధన గురించి చెప్పారు. తగ్గిన జబ్బు తిరగబెట్టకుండా రోజుకు రెండు పూటలా వేసుకునే మాత్ర అది. చేరినవాళ్లలో కొందరికి మందు ఇస్తారు, కొందరికి అదే రంగులో ఉత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళుతోందో వేసుకునేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ తెలియదు.

కాగితాల మీద సంతకాలు పెట్టించింది ఓడెట్ కోమో. పరిశోధన పనులు చూసే నర్సు, ముప్పై దాటి ఉండదు.

"ఇది నన్ను బాగుచేస్తుందా అమ్మాయ్?" అని మోరాగ్ అడిగింది.

"తెలీదు మోరాగ్ గారూ. తెలిస్తే పరిశోధన ఎందుకండీ?"

"ఈ భవనంలో ఇన్నాళ్లకి ఒక సూటి మాట విన్నాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఇంటికి ఒక డైరీ ఇచ్చారు. ఏ పూట మాత్ర ఎన్నింటికి వేసుకుందో, దాంతో ఏం తిందో, ఒంట్లో ఎలా ఉందో రాయాలి. ఒంట్లో మందు మోతాదును పెంచేసే, తగ్గించేసే పదార్థాల జాబితా కూడా ఇచ్చారు. అందులో పండ్లలో పంపర పనస లాంటి గ్రేప్‌ఫ్రూట్ పేరొక్కటే ఉంది. "అది ఊరికే ఇచ్చినా ముట్టను" అంది మోరాగ్.

సెప్టెంబరు నుంచి జనవరి దాకా అన్నీ సక్రమంగా జరిగాయి. నాలుగు వారాలకొకసారి మూడు గంటల దారి వెళ్లి రక్తం ఇచ్చి వచ్చేవాళ్లం. ఫిబ్రవరిలో రక్తకణాలు ఒక్కసారిగా పడిపోయాయి. మాత్రలు ఆపారు. కణాల లెక్క కోలుకున్నాక మళ్లీ మొదలుపెట్టారు. మార్చి చివర్లో మళ్లీ పడిపోయాయి.

"ఇంకోసారి ఇలా అయితే పరిశోధన నుంచి తప్పించాల్సి వస్తుందండీ," అంది ఓడెట్. "కొత్త మందులేమైనా వాడారా? ఆకులు, కషాయాలు, బలం మాత్రలు?"

"ఏమీ లేవు."

"తిండిలో కొత్తవి?"

"జూడిక్‌లో కొత్త తిండి ఎక్కడ దొరుకుతుంది తల్లీ?"

తిరుగు ప్రయాణంలో మోరాగ్ సంతోషంగానే ఉంది. నాకు వింతగా అనిపించింది.

"ఉత్తి మాత్రయితే నా రక్తం ఎందుకు పడిపోతుందే? నాకు పడింది అసలు మందే. ఎవరూ చెప్పక్కర్లేదు."

"ఆ అసలు మందునే ఆపేస్తామంటున్నారు కదా."

మోరాగ్ మా దీవికి వెళ్లే కాజ్‌వే కట్ట రోడ్డు దాటేదాకా కిటికీలోంచి సముద్రం మీద మంచు పలకలు చూస్తూ కూర్చుంది.

మా ఇళ్లలో జనవరి అంటే నారింజ తొక్కలతో మార్మలేడ్ జామ్ పెట్టే నెల. సెవిల్ నుంచి వచ్చే చేదు నారింజలు కోఆప్ దుకాణంలో రెండు వారాలే ఉంటాయి. ఆ రెండు వారాల్లో ఊళ్లో ప్రతి వంటింట్లోనూ తొక్కలు ఉడుకుతుంటాయి. తొక్క సన్నగా తరగాలని నేను, లావుగా ఉండాలని ఆమె, నలభై ఏళ్లుగా అదే కొట్లాట. ఆ ఏడాది కాస్త ఓపిక వచ్చిందని ముప్పై ఆరు సీసాలు పెట్టింది. పొద్దునా సాయంత్రమూ మాత్రతో పాటు రెండు ఓట్స్ రొట్టెలు, వాటి మీద వేలి మందాన మార్మలేడ్. డైరీలో మాత్రం "టీ, రొట్టె" అనే రాసేది. మా వాళ్లెవరికీ రొట్టె మీద మార్మలేడ్‌ను వేరే పదార్థంగా లెక్కపెట్టే అలవాటు లేదు. నీళ్లు తాగానని ఎవరు రాస్తారు?

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ వారమే ఒక మధ్యాహ్నం మోరాగ్ ఫోన్ చేసింది.

"ఎఫీ, చేదు నారింజలు రాని ఏడాది అమ్మ మార్మలేడ్ దేంతో పెట్టింది?"

"గ్రేప్‌ఫ్రూట్‌తో. ఎవరికీ తేడా తెలియలేదని ఊరంతా చెప్పుకుంది కదా."

ఆమె వెంటనే ఫోన్ పెట్టేసింది. నేను కారేసుకుని వెళ్లేసరికి వంటింటి బల్ల మీద జాబితా, డైరీ, సగం ఖాళీ అయిన సీసా పెట్టుకుని కూర్చుంది.

"ఆ రెండు పండ్లకీ ఏదో చుట్టరికం ఉందే. నా రక్తం పడిపోయింది కూడా ఈ సీసాలు తెరిచాకే."

"అయితే తినడం మానెయ్. ఇంకెవరికీ చెప్పకు."

"అదేంటే?"

"వద్దన్న పండు లాంటిదే తిన్నావని తీసేస్తే? ఈ మందు పోతే ఇంకేముంది నీకు? మానేస్తే లెక్కలు వాటంతటవే బాగవుతాయి. ఎవరికి నష్టం?"

నా మాటలో తప్పు నాకు కనపడలేదు. నాకు అక్క కావాలి.

ఆమె సీసా మూత బిగించింది. "బ్రేకు మెత్తగా ఉందని తెలిసీ పుస్తకంలో రాయకుండా బస్సు తాళం వేలాడదీసి ఇంటికెళ్తే ఏమవుతుందో తెలుసా? మర్నాడు ఆ బస్సు ఇంకొకళ్లు తీస్తారు."

"ఇది బస్సు కాదే మొద్దూ, నీ ఒళ్లు!"

"నా ఒళ్లే. అందుకే నేనే రాస్తాను."

రాసింది. ఏ తేదీన సీసా తెరిచిందో, పూటకు ఎన్ని చెంచాలో, అప్పటిదాకా రాసిన "రొట్టె" అన్న చోటల్లా పక్కన మార్మలేడ్ అని చేర్చి, ప్రతి దిద్దుబాటు దగ్గరా పొడి అక్షరాలతో సంతకం పెట్టింది. ఓడెట్‌కు ఫోన్ చేసి చెప్పింది. నేను కోపంగా గిన్నెలు కడిగాను. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

తొమ్మిది రోజులు ఏ కబురూ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. పదో రోజు ఓడెట్ ఫోన్ చేసింది. తీసెయ్యలేదు. కణాలు కోలుకున్నాక మాత్ర మళ్లీ మొదలుపెడతామంది, మార్మలేడ్ మాత్రం కంటితో కూడా చూడొద్దంది.

"వాసన చూడొచ్చా?" అని మోరాగ్ అడిగింది.

"దూరం నుంచి చూడండి."

మిగిలిన సీసాలన్నీ చర్చి కోసం పెట్టే అమ్మకానికి వెళ్లాయి. రక్తకణాలు మళ్లీ ఎప్పుడూ అంతలా పడిపోలేదు.

ఆ మాత్ర ఆమెకు ఆరేళ్లు ఇచ్చింది. మొదట చెప్పినవాళ్లు ఒక ఏడాది గురించి కూడా తడబడుతూ చెప్పారు. ఆ ఆరేళ్లలో ఒక పాత వ్యాను కొని, మా తీరంలో చికిత్సకు వెళ్లే ఆడవాళ్లను హాలిఫాక్స్ తీసుకెళ్లి తెచ్చేది. దారిలో భయపడేవాళ్లకు తన ఆపరేషన్ మచ్చ చూపించి, "ఇదుగో, ఇంత పొడవు. నీది ఇంతకన్నా చిన్నదే" అనేది. గురువారాలు ఊరి హాల్లో ఫిడేలు మోగితే డాన్సుకు వెళ్లేది, మోకాళ్లు నొప్పులని తిట్టుకుంటూనే. పరిశోధన ముగిసి ఆ మందు మామూలు చికిత్సలోకి వచ్చింది. మొన్న శరదృతువులో జబ్బు తిరిగొచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. వ్యాను తాళాలు ఎవరికివ్వాలో ఆలోచించింది.

అంత్యక్రియల తరువాత చర్చి హాల్లో టీ ఇస్తున్నప్పుడు ఓడెట్ కనిపించింది. మంచులో మూడు గంటలు నడుపుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆమె జుట్టులో కూడా నెరుపు కనిపిస్తోంది. మా అక్కకు మార్మలేడ్ గురించి చెప్పొద్దని సలహా ఇచ్చింది నేనేనని, సిగ్గుపడుతూ ఆమెతో అన్నాను.

ఓడెట్ కప్పు కింద పెట్టింది. "మీకు తెలీదా అండీ? అప్పట్లో వేరే ఊళ్లలో ఇంకో ఇద్దరికి సరిగ్గా అలాగే రక్తకణాలు పడిపోతున్నాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఒకావిడ పేరు తీసెయ్యడానికి కాగితాలు కూడా తయారయ్యాయి. మోరాగ్ గారి డైరీ వచ్చాక వాళ్లని కూడా అడిగాం. ఇద్దరూ మార్మలేడ్ తింటున్నారు. ఇద్దరూ పరిశోధనలోనే ఉండిపోయారు. ఆ ఒకావిడ ఇప్పటికీ బాగున్నారు."

"ఈ సంగతి మా అక్కకు తెలుసా?"

"ఆ వేసవిలోనే చెప్పానండీ. మీకు మాత్రం చెప్పొద్దన్నారు, బాధపడతారని."