ముదీర్ జేబులోని కంప్యూటర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం నన్ను చాలాసార్లు ముంచింది గానీ, అరబ్బు దేశంలోని మఫ్రఖ్‌లో ఒక్కసారి మాత్రం ఒడ్డుకు చేర్చింది.

అక్కడ ఒక ప్లంబింగ్ కంపెనీలో సామాన్ల స్టోరు నాది. నిజానికి కంపెనీదే. కానీ ఏ ర్యాకులో ఏ పైపు ముక్క పడుందో నాకొక్కడికే తెలుసు కాబట్టి నాదే అనుకునేవాణ్ని. మా ముదీర్, అంటే మేనేజరు, ఒకసారి సెలవు మీద వెళ్లొస్తూ లైనక్స్‌తో నడిచే అరచేతి కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. చొక్కా జేబులో పట్టేది. ప్లాస్టిక్ పుల్లతో తెర మీద తాకితే పనిచేసేది. దాన్ని పట్టుకుని ర్యాకుల మధ్య తిరుగుతూ సరుకు లెక్క ఎక్కించాలని ఆయన కోరిక. ఆ సంగతి విని సాఫ్ట్‌వేర్ అమ్మే ఆయనొకడు టై కట్టుకుని వచ్చాడు. ఇది ఆటబొమ్మ, దీనితో కాదు, మా యంత్రాలు కొనండి, స్టోరంతా మా మనిషే చూసుకుంటాడు అన్నాడు. నా కుర్చీలో కూర్చునే అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "సర్, మై కరేగా. ఇసీ మే కరేగా," దీంట్లోనే నేను చేస్తానని అనేశాను.

ముదీర్ నవ్వాడు. "ఠీక్ హై. ఈద్ తక్ టైమ్. నహీ హువా తో స్టోర్ ఖలాస్. తుమ్ సైట్ మే టైమ్‌కీపర్."

ఈద్ లోపు చెయ్యలేకపోతే నా స్టోరు పోయినట్టే. టైమ్‌కీపర్ అంటే పొద్దస్తమానం ఎండలో గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే మనుషుల పేర్లు రాసుకోవడం. సరేనన్నాను. మరి ఆ కంప్యూటర్ ఇవ్వండి అంటే ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఫోన్ నంబర్లన్నీ అందులోనే ఉన్నాయట. వంట చెయ్యమని చెప్పి పొయ్యి ఇవ్వనన్నట్టుంది వ్యవహారం.

అయితే దాని సాఫ్ట్‌వేర్‌ను మామూలు డెస్క్‌టాప్ మీద కూడా నడిపి చూడొచ్చని అంతకుముందే ఒక కంప్యూటర్ పత్రికలో చదివాను. స్టోరు మూలన దుమ్ము పట్టిన పాత పీసీని తుడిచి, లైనక్స్ ఎక్కించాను. అది మొండి గాడిదలా మొరాయించింది. నా శుక్రవారాలన్నీ దానికే ధారపోశాను. చివరికి ఒక మధ్యాహ్నం మానిటర్ మధ్యలో చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో ముదీర్ జేబులోని తెరే! అవే బొమ్మలు, అదే గడియారం. పుల్ల బదులు మౌస్, అంతే తేడా. ఆనందం పట్టలేక లేచి ర్యాకుల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసొచ్చాను. ఎవరైనా చూసుంటే ఎండదెబ్బ అనుకునేవాళ్లు.

ఇక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాను. ఒక్కో సామానుకు ఒక్కో బటన్. పైపు మలుపులో పెట్టే ఎల్బో అర అంగుళందైతే 1/2, ముప్పావుదైతే 3/4, పక్కనే లెక్క. పూర్తికాగానే మా ఫోర్‌మన్‌ను పిలిచాను. నెల్లూరాయన, వయసులో నాకంటే చాలా పెద్ద, అందరికీ భాయ్. చూడు భాయ్, బటన్ నొక్కు అన్నాను. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి మానిటర్ అద్దం మీద టకటకా పొడిచాడు.

"ఏంది అబ్బయా, పలకదే ఇది?"

"అద్దం పగుల్తది భాయ్! గీ మౌస్‌తోని నొక్కాలె."

నొక్కాడు. లెక్క మారింది. "బలే ఉండాది. అద్దాలు లేకపోయినా కనపడతా ఉండాది," అని మెచ్చుకున్నాడు. ఆ పూట నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఈద్ దగ్గర పడింది. ఒకరోజు ముదీర్ సంతకాలు పెట్టడానికి వచ్చి, తన అరచేతి కంప్యూటర్‌ను నా బల్ల మీద పెట్టాడు. అంత దగ్గరగా దాన్ని చూడటం అదే మొదటిసారి. దాని తెర ఎంతో చిన్నది. మానిటర్ మీద నేను మురిసిపోయిన కిటికీ దానికి ఒకటిన్నర రెట్లుంది. ఆయన సంతకాలు పెడుతుండగానే టేపు తీసి, దానికి తగలకుండా వెడల్పు కొలుచుకున్నాను.

ఆయన వెళ్లగానే మానిటర్ సెట్టింగును ఆఖరిదాకా పెంచాను. అలా పెంచితే తెర మీద చుక్కలు ఎక్కువై, ఒక్కోటి చిన్నదవుతుంది. కిటికీ ముడుచుకుని సరిగ్గా టేపు చూపిన కొలతకు వచ్చింది. అందులో నా 1/2, 3/4 చీమల్లా ఉన్నాయి. రెండింటికీ తేడా తెలియడం లేదు. భాయ్ వచ్చి కళ్లు చికిలించి చూశాడు.

"ఏం కనపడ్డంలా అబ్బయా," అన్నాడు, పాపం నా మొహం చూసి మెల్లగా.

నిజంగా భయపడ్డాను. ఆ మండే గేటు కళ్ల ముందు కనిపించింది. అక్షరాలు పెద్దవి చేస్తే బటన్లలో పట్టవు. బటన్లు పెంచితే తెరలో పట్టవు. మూతి ముడుచుకుని కూర్చున్నాను. అంతలో సామాను కోసం మా ప్లంబర్ ఒకతను స్టోరు కిటికీలోంచి తల పెట్టి అరిచాడు.

"అన్నా, చార్ సూత్ ఎల్బో పది ఇయ్యే!"

అంగుళంలో ఎనిమిదో వంతు సూత్. మా సైట్లలో అర అంగుళం అని ఎవరంటారు? చార్ సూత్, అంటే నాలుగు సూత్‌లు, అంటారు. ముప్పావు అయితే ఛే సూత్, అంటే ఆరు. రోజూ నేనూ అదే అంటాను. కంప్యూటర్ ముందు కూర్చోగానే పెద్ద ఇంజినీర్నైపోయి గీతలు, భిన్నాలు పెట్టాను! అతనికి పది ఎల్బోలు చేతిలో పెట్టి పంపేసి, భిన్నాలన్నీ పీకిపారేశాను. బటన్ నిండా పట్టేలా 4, 6, 8 పెట్టాను. భాయ్ ఈసారి దూరంగా తలుపు దగ్గర నిలబడే చదివాడు.

ఈద్ సెలవులయ్యాక ముదీర్ వచ్చాడు. ప్రోగ్రాం ఉన్న మెమరీ కార్డు ఇచ్చాను. ఆయనే పెట్టుకుని, ఆయనే ఎక్కించుకుని ర్యాకుల మధ్యకు నడిచాడు. ఆయన వెనక నేను, నా వెనక భాయ్. నా ప్రోగ్రాం డెస్క్‌టాప్ మీద నడిచిందే గానీ అసలు యంత్రం మీద ఎన్నడూ నడవలేదు.

"చార్ సూత్ ఎల్బో," అని గొణుక్కుంటూ 4 మీద తాకాడు. లెక్క వచ్చింది. ఆరు తాకాడు, వచ్చింది. ఎనిమిది తాకాడు, వచ్చింది. అక్కడే నిలబడి టై ఆయనకు ఫోన్ కలిపి, "ఖలాస్, నో నీడ్," అని పెట్టేశాడు. భాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బ ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

తర్వాత ముదీర్ ఆ కంప్యూటర్‌ను నా చేతిలో పెట్టాడు. "స్టోర్ మే రఖో. మేరా నంబర్ సబ్ నికాలో." ఇక అది స్టోరుదే, తన నంబర్లన్నీ తీసెయ్యమని.

అన్ని వారాలు దానికోసం చచ్చాను గానీ అప్పటిదాకా దాన్ని ముట్టుకోనే లేదు. పుల్ల తీసుకుని, ర్యాకుల్లాగే బటన్లూ నాకు కంఠతా కాబట్టి, మొహం భాయ్ వైపు తిప్పి, తెర చూడకుండానే ఎనిమిది మీద తాకాను. సరిగ్గా తగిలింది.