తప్పుల మాస్టారి క్షవరం

మామగారి నోటివెంట ఒక్క మాటా సరిగ్గా రాదు. అంటే నత్తి కాదు. అబద్ధం అంతకన్నా కాదు. తప్పు. శుక్రవారాన్ని బుధవారం అంటారు. ఉప్పు డబ్బా చూపించి పంచదార అంటారు. ఎనిమిదో నెల నిండని మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "దీన్ని వచ్చే నెల బళ్ళో వెయ్యాలి కదూ?" అంటారు. అదీ తడబడుతూ కాదు, పేపరు మడుచుకుంటూ, లోకంలో ఇంతకన్నా ఖాయమైన సంగతి లేదన్నట్టు అంటారు. వీధిలో అందరూ ఆయన్ని తప్పుల మాస్టారు అంటారు. ఇంతకీ ఆ మాస్టారు రిటైరయ్యేదాకా కాలేజీలో చెప్పిన పాఠమేమిటయ్యా అంటే, మనిషి జ్ఞాపకం ఎలా పనిచేస్తుంది అని! దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

ఆయన తప్పు అనడమే ఆలస్యం, అత్తగారు ఏ గదిలో ఉన్నా అందుకుంటారు. "మీ తలకాయ!" అన్నది ఆవిడ మొదటి మాట. దిద్దుబాటు దాని వెనకే వస్తుంది. ఆవిడ లెక్కల టీచరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేతిలో ఎర్రసిరా కలం ఉండేది. తప్పు వినబడితే ఆవిడకి చెవిలో చీమ దూరినట్టే, దిద్దేదాకా ఒక చోట నిలవలేరు.

"ఏమోయ్, పాపకి మందు వేసేశావు కదా?"

"మీ తలకాయ! వెయ్యడమెక్కడ? పాలు తాగాక వెయ్యమన్నారు. ఇదిగో, ఇప్పుడే వేస్తున్నా."

"నీ కళ్ళజోడు పోయింది పాపం. కొత్తది కొనాలి."

"పోవడమేంటండీ! ఫ్రిజ్జు మీద పెట్టుకున్నాను."

"స్టవ్ మీద ఏమీ లేనట్టుందే?"

"లేకపోవడమేంటి, కూర పెట్టానుగా! అయ్యయ్యో, అడుగంటుతోందేమో!"

ఇలా పొద్దున పేపరొచ్చిన దగ్గర్నుంచి పక్కలు వేసేదాకా. పాప పుట్టాక సాయానికని వీళ్ళిద్దరూ కొడుకు ఇంటికి వచ్చి ఉంటున్నారు. కొడుకు సెల్‌ఫోన్ టవర్లు బాగుచేసే ఉద్యోగం చేస్తాడు. వారంలో సగం రోజులు ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక టవరెక్కి ఉంటాడు. కాబట్టి ఈ తప్పులూ దిద్దుబాట్లూ పూర్తిగా వినే భాగ్యం కోడలిదే. మొదట్లో ఆమెకి నవ్వొచ్చేది. తర్వాత తలనొప్పి వచ్చేది. ఈ మధ్య మాత్రం భయమేస్తోంది.

మాటల సంగతి ఒకటైతే జుట్టు సంగతి ఇంకొకటి. ఆయన తల మీద జుట్టు చెవులు దాటి, మెడ దాటి, భుజాల మీదకి పాకింది. ఒకరోజు గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుంటే పాలవాడు "అమ్మగారూ, ఎన్ని ప్యాకెట్లు?" అన్నాడు. చెప్పొద్దూ, కోడలు సిగ్గుతో చచ్చిపోయింది.

"మామయ్యా, ఒకసారి క్షవరానికి వెళ్ళి రాకూడదూ? షాపు వీధి చివరే కదా."

"మొన్ననే చేయించానుగా అమ్మాయ్!"

"మీ తలకాయ!" అంటూ అత్తగారు లోపల్నుంచి వచ్చారు. "పాప పుట్టకముందు చేయించారు. మళ్ళీ గడప దాటితే ఒట్టు!"

క్షవరం సంగతి కూడా మరిచిపోయే మనిషిని ఏమనుకోవాలి? కోడలు అనుకోకూడనిదే అనుకుంది. ఎందుకంటే ఆమె మెడ మీద కత్తి వేలాడుతోంది. ఆమెది కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే పని. ప్రసవం సెలవూ అయిపోయింది, దాని మీద అడిగి తెచ్చుకున్న సెలవూ అయిపోయింది. "సోమవారం వస్తే సరే సరి, లేకపోతే ఇంకో అమ్మాయిని పెట్టేసుకుంటా" అని యజమాని చెప్పేశాడు. వెళ్తే, పాపని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్ళాలి? ఇవాళేం వారమో తెలియని తాతయ్య చేతుల్లోనా? ఫోన్లో మొగుడితో అంటే, "అమ్మ ఉందిగా! ఆ మధ్య జ్వరం వచ్చి లేచినా, అమ్మ అమ్మే. చూసుకుంటుందిలే" అన్నాడు. టవరు మీదున్నవాడికి కింద సంగతులు ఏం కనబడతాయి?

గురువారం పొద్దున జరిగినదానితో ఆ భయం కాస్తా ముదిరింది. పాప నిద్రపోతుంటే కోడలు మందుల షాపుకి బయల్దేరింది. ఆమె గోల పడలేక, ఆ పూటే మామగారు కూడా క్షవరానికని చెప్పులేసుకున్నారు. తీరా వెళ్ళేముందు గుమ్మంలో నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూశారు, వెళ్ళారు కదా అని కోడలు సంతోషించింది.

ఆమె మందు కొనుక్కుని వచ్చేసరికి మెట్ల దగ్గరే మాడు వాసన. మెట్లెలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తలుపు తోస్తే ఇల్లంతా పొగ. స్టవ్ మీద పాలగిన్నె నల్లగా మాడి చిటపటలాడుతోంది. లోపలి గదిలో పాప దగ్గుతూ ఏడుస్తోంది. కోడలు స్టవ్ ఆపి, పాపని ఎత్తుకుని, బాల్కనీలోకి పరిగెత్తింది. అక్కడ అత్తగారు ఆరిన బట్టలు మడతపెట్టుకుంటున్నారు. బాల్కనీ తలుపు అప్పటిదాకా వేసే ఉంది. కిందంతా బస్సుల రొద. ఏమీ వినబడలేదు కాబోలు, పొగ చూసి చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"ఎవరు పెట్టారు పాలు?" కోడలి గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

ఈలోపు మామగారు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. జుట్టు జుట్టులాగే ఉంది. ఒక్క చూపుతో గిన్నెనీ పొగనీ అత్తగారినీ చూశారు.

"నేనే అమ్మాయ్. పాలు పెట్టి, మరిచిపోయి వెళ్ళిపోయాను. నాదే బుద్ధి తక్కువ."

అత్తగారు ఏమీ అనలేదు. "మీ తలకాయ" కూడా అనలేదు. తువ్వాలుని మాత్రం మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. పాప వీపు నిమురుతున్న కోడలికి అదేమీ పట్టలేదు. శుక్రవారానికి మతిమరుపు డాక్టరమ్మ దగ్గర టైము తీసుకునేదాకా ఆమె ఫోను కింద పెట్టలేదు.

"మామయ్యా, రేపు మిమ్మల్ని డాక్టరుకి చూపిద్దాం."

"చూపించు, చూపించు. నా ప్రాణమూ కాస్త తెరిపిన పడుతుంది" అన్నారు అత్తగారు. "నేనూ వస్తాను. ఈయన అక్కడ అడ్డమైన తప్పులూ చెప్తే దిద్దేదెవరు?"

మామగారి మొహం తెల్లబడింది. "నువ్వెందుకోయ్, ఇంట్లో పాప దగ్గర ఉండు" అనబోయి, ఆ మాట సగంలో మింగేశారు. భయం కనబడింది ఆయన కళ్ళల్లో. పాపం, తన రోగం బయటపడుతుందని కాబోలు అనుకుంది కోడలు.

డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, గోడకి బొమ్మ గడియారం, దాని పక్కన బరువు చూసే యంత్రం. కోడలు పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయనకి మతిపోయిందని తేలితే సోమవారం లేదు, ఉద్యోగమూ లేదు. పోలేదని తేలితే మాత్రం? ఆ పొగ ఎక్కడికి పోతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇవాళేం వారమండీ?"

"బుధవారం" అన్నారు మామగారు దర్జాగా.

"మీ తలకాయ! శుక్రవారం."

"అమ్మా, మీరు చెప్పకూడదు" అంది డాక్టరమ్మ. "మీ మనవరాలి వయసెంత?"

"మూడో ఏడు నడుస్తోంది."

"ఎనిమిదో నెలండీ! పళ్ళే రాలేదు దానికి!"

"అమ్మా!"

"మరి అంత తప్పు చెప్తుంటే చూస్తూ ఎలా ఊరుకోమంటారమ్మా?"

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. కలం పక్కన పెట్టి, వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. అలా చూస్తూ చూస్తూ ఆమె నవ్వు సన్నగా ఆగిపోయింది.

"సరే, మీరే చెప్పండమ్మా. ఇవాళ పొద్దున ఏం తిన్నారు?"

అత్తగారు నోరు తెరిచారు. మాట రాలేదు. కళ్ళు గడియారం వైపు వెళ్ళాయి, బల్ల వైపు వెళ్ళాయి, చివరికి మామగారి మొహం మీద ఆగిపోయాయి. చేతి సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుకుంటున్నారు. ఎప్పుడూ ఉరిమే మనిషి అలా బడిపిల్లలా దిక్కులు చూస్తుంటే కోడలు పాపని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

"ఏముంది తినడానికి?" అన్నారు మామగారు, జేబురుమాలు మడుచుకుంటూ. "పొద్దున్నుంచి పస్తే పాపం."

"పస్తేంటండీ, విడ్డూరం కాకపోతే!" అత్తగారి గొంతు ఒక్కసారిగా వెనక్కి వచ్చింది. "రెండు రొట్టెముక్కలు కాల్చిచ్చారు. ఒకటి మాడ్చారు కూడాను. మాడింది మీరు తిని మంచిది నాకు పెట్టారు."

ఫ్రిజ్జు మీది కళ్ళజోడు, వెయ్యని మందు, అడుగంటబోయిన కూర, అన్నీ వరసగా కోడలి కళ్ళముందు తిరిగాయి. రోజూ దుకాణంలో ఎంతమంది చూపు పరీక్షించిందో! ఇంట్లోది మాత్రం ఆమెకే కనబడలేదు.

డాక్టరమ్మ నర్సుని పిలిచి, బీపీ చూడమని అత్తగారిని పక్క గదికి పంపింది. తలుపు పడగానే మామగారి భుజాలు జారిపోయాయి.

"మీ అత్తయ్యకొచ్చిన ఆ జ్వరం మెదడుకెక్కిందమ్మాయ్" అన్నారు. మొదటిసారి ఆయన నోట ఒక్క తప్పూ లేకుండా మాటలు వస్తున్నాయి. "తగ్గింది కానీ, కొంచెం తీసుకుపోయింది. అడిగితే గుర్తు రాదు. అడిగితే లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి కదా, ఆ వెతుకులాటే ఆవిడ వల్ల కాదు. కానీ సరుకంతా లోపలే ఉంది. తప్పు మాట ఒకటి ఎదురుగా పెట్టామనుకో, వెతకక్కర్లేదు, పోల్చి చూస్తే చాలు. అది ఆవిడకి ఇప్పటికీ చిటికెలో పని. పాఠంలో చెప్పేవాణ్ణి ఇదంతా. ఇంట్లో పనికొస్తుందని అనుకోలేదు."

"మరి మాతో ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"ఆవిడకి మతిమరుపు అంటే అందరూ జాలిపడతారు. నాకు మతిమరుపంటే నవ్వుతారు. జాలి ఆవిడ తట్టుకోలేదమ్మా. నవ్వుదేముంది, నేను పడగలను."

"క్షవరానికి వెళ్ళనిది..."

"షాపులో కూర్చుంటే ఇక్కడ తప్పు చెప్పేదెవరు? నిన్న వంతు రాకుండానే లేచొచ్చేశాను. అయినా ఆలస్యమైపోయింది." ఆయన పాప వైపు చూశారు. "నీ బిడ్డ విషయం. నువ్వేం నిర్ణయించినా నేను కాదనను."

డాక్టరమ్మ చెప్పింది ఒక్కటే. ఇద్దరూ కలిసి ఉన్నంతసేపూ భయం లేదు, ఆవిణ్ణి మాత్రం పాపతో ఒంటరిగా వదలొద్దు అని. కానీ సోమవారం సంగతి డాక్టరమ్మ తేల్చేది కాదు కదా. శనివారమంతా కోడలు తేల్చుకోలేకపోయింది. ఎప్పుడో ఒకసారి మామగారికి జ్వరమొస్తే? బయటికెళ్ళాల్సొస్తే? ఆయన చేసే పని తనకి చేతనవుతుందా?

ఆదివారం ఆమే అంది: "మామయ్యా, వెళ్ళండి క్షవరానికి. నేనుంటాను."

ఆయన వెళ్ళలేక వెళ్ళారు. పాప నిద్రపోతోంది. అత్తగారు విసవిసా వంటింట్లోకి వెళ్ళారు. వెళ్ళి, గట్టు ముందు ఆగిపోయారు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. కోడలు గుమ్మంలో నిలబడింది. ఎందుకొచ్చారో ఆమెకి తెలుసు. పాప పాలసీసాలు నీళ్ళలో మరిగించాలి. 'సీసాలు అత్తయ్యా' అంటే ఒక్క మాటతో పోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"అత్తయ్యా... పాపకి ఇవాళ సీసాలు... మరిగించక్కర్లేదు కదా?"

అత్తగారి చెయ్యి కిందికి దిగింది.

"నీ తలకాయ!" అన్నారు అత్తగారు. "మరిగించకుండా పసిపిల్లకి పాలెలా పడతావమ్మా?" అంటూ గిన్నెలో నీళ్ళు పోసి, సీసాలు వేసి, స్టవ్ వెలిగించారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక కోడలు తిన్న మొదటి "తలకాయ" అది. పట్టు చీర పెట్టినా అంత సంతోషించేది కాదు.

అత్తగారు మంట తగ్గించి, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"అమ్మాయ్, తప్పు చెప్పేటప్పుడు అలా గుడ్లప్పగించి నా మొహంలోకి చూడకు. దొరికిపోతావు. మీ మామయ్యని చూడు, ఏదో ఒకటి మడుచుకుంటూ అంటారు."

"అత్తయ్యా! మీకు... తెలుసా?"

"ఎన్ని వేల పరీక్ష పేపర్లు దిద్దాననుకున్నావు? తెలియక చేసిన తప్పేదో, కావాలని చేసిన తప్పేదో నాకు తెలియదూ? ఆయనతో మాత్రం అనకు. బాగా నటిస్తున్నానని తెగ మురిసిపోతున్నారు, పిచ్చి మారాజు." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు, పొగేమీ లేదు అక్కడ. "గురువారం మాత్రం దిద్దలేకపోయానమ్మా. పాలు నేనే పెట్టానని నోటిదాకా వచ్చింది. నీ చేతుల్లో పాపని చూసి భయమేసింది."

కోడలు వెళ్ళి ఆవిడ భుజం మీద తల ఆనించింది. సోమవారం వెళ్ళొచ్చు అనిపించింది ఆమెకి, అక్కడే, ఆ సీసాల గలగల వింటూ.

ఇంతలో మెట్ల మీద దబదబా అడుగులు. తలుపు భళ్ళున తెరుచుకుంది. మామగారు. మెడకి మంగలి కట్టిన తెల్లగుడ్డ అలాగే ఉంది. కుడివైపు జుట్టు నున్నగా కత్తిరించి ఉంది, ఎడమవైపు భుజం దాకా వేలాడుతోంది. అటునుంచి చూస్తే మాస్టారు, ఇటునుంచి చూస్తే పాలవాడి అమ్మగారు.

"క్షవరం అయిపోయిందోయ్" అన్నారు రొప్పుతూ. కళ్ళు మాత్రం స్టవ్ మీదే ఉన్నాయి. "స్టవ్ మీద ఏమీ లేదు కదా?"

"మీ తలకాయ!" అన్నారు అత్తగారు. "స్టవ్ మీద సీసాలున్నాయి. క్షవరం సగమే అయింది. వెళ్ళి మిగతా సగం చేయించుకు రండి. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం."

ఆయన కోడలి వైపు చూశారు. కోడలు పాప తువ్వాలొకటి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా, తాపీగా మడతపెడుతోంది.

"మామయ్యా, ఇవాళ బుధవారం కదా, షాపు మూసేస్తారేమో!"

"నీ తలకాయ! ఆదివారం!" అంది వంటింట్లోంచి గొంతు.

మామగారు తెల్లగుడ్డ సర్దుకున్నారు. ఆ మొహంలో భయం పోయి, నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతోంది.

"ఆదివారమే" అన్నారు. ఆ ఇంట్లో ఆయన దిద్దాల్సిన పని లేకుండా అన్న మొదటి మాట అదే. అని, సగం తలతో, తాపీగా మెట్లు దిగి వెళ్ళారు.