లక్ష్మయ్య పేరు మీద పడిన తాళం

జమ్మలమడుగులో మౌలాలికి పరుపుల అంగడి ఉండేది. ఫ్యాక్షన్ రోజుల్లో పులివెందుల నాయకుడు లక్ష్మయ్య మనుషులు పక్కింటి మీద బాంబులు వేస్తే అంగట్లో దూది అంటుకుంది. చేతులు కాలిన మౌలాలి మళ్లీ దూది ఏకలేదు. "అడ్డమొచ్చినాడు, నేనేం జేద్దు" అన్నాడు లక్ష్మయ్య. ఆ మాట మౌలాలి కొడుకు కమాల్ బాషా మనసులో అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు కమాల్ ప్రొద్దుటూరులో పార్టీ సభ్యత్వాల వెబ్‌సైట్ చూసుకుంటాడు. ఎవరి లాగిన్‌తో ఎక్కువమంది చేరితే వాళ్లకే లింగాల మండలాధ్యక్ష పదవి. లక్ష్మయ్యకు పోటీ రంగయ్య. చివరి రోజు మధ్యాహ్నం లక్ష్మయ్య పులివెందుల నుంచి ఫోన్ చేశాడు.

"ఏమప్పా, మిషను సచ్చిందా? లింగాలలో పేర్లు ఎక్కడం ల్యాదంటాండారు."

"మిషను బాగుందన్నా. మీవోళ్లంతా నీ లాగిన్‌తోనే వస్తాండారు. ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు నిలబడాల."

"రంగయ్యకెట్ల ఎక్కుతాండాయి?"

"వాళ్లు ఎవరి పేరుతో వాళ్లు వస్తాండారు."

"నా మనుషులకు నా పేరు గాక ఇంకో పేరేంది?"

కమాల్ రాసిన ప్రోగ్రాములో ఒక లాగిన్‌కు ఒకటే సెషన్. ఒకరు ఫొటో ఎక్కిస్తున్నంతసేపూ దానికి తాళం పడుతుంది, తక్కినవాళ్ల అభ్యర్థనలు బయట ఆగిపోతాయి. లాగిన్ వివరాలు చదవగానే తాళం వదిలెయ్యమని ఒక్క వాక్యం రాస్తే అందరి పనీ ఒకేసారి సాగుతుంది. కమాల్ వేళ్లు ఆ వాక్యం రాయబోయి ఆగాయి.

"వాళ్లతో పెట్టుకోవాకు, ఇంట్లో పసిబిడ్డ ఉంది" అంది భార్య మైమూన్.

అతను కీబోర్డు పక్కకు నెట్టాడు.

పొద్దు వాలేసరికి లక్ష్మయ్య మళ్లీ ఫోన్ చేసి దిగొచ్చాడు. "సరే, ఎవరి పేరు వాళ్లకియ్యి. నా పక్కనోళ్లే గదా."

కమాల్ ఒక్కొక్కరికీ లాగిన్ ఇచ్చాడు. ఆగిన పేర్లన్నీ బిలబిలా ఎక్కాయి. తెల్లారి పార్టీ లాగిన్ల వారీగా లెక్క తీస్తే లక్ష్మయ్య బలం అతని మనుషుల పేర్లకు చీలిపోయింది; ముందున్నది రంగయ్య కాదు, లక్ష్మయ్య జీపు నడిపే పెద్దన్న. పదవికి పార్టీ అతన్నే పిలిచింది.

కమాల్ పనిగట్టుకొని పులివెందుల బస్సెక్కాడు. లింగాల జీపులు లక్ష్మయ్య ఇల్లు దాటి పెద్దన్న వీధిలోకి తిరిగాయి. లక్ష్మయ్య గేటు దాకా వచ్చి చూశాడు. ఒక్క జీపూ ఆగలేదు. ఎదురు హోటల్లో కూర్చుని కమాల్ ఆ ముఖాన్ని తనివితీరా చూశాడు. అప్పుడు లక్ష్మయ్య చూపు అతని మీద పడింది, అక్కడే నిలిచిపోయింది.

కమాల్ తల దించుకోలేదు. బస్టాండుకు వచ్చాక మాత్రం మైమూన్‌కు ఫోన్ చేసి, బిడ్డను తీసుకుని ఖాజీపేటలోని పుట్టింటికి పొమ్మన్నాడు.