నంబరు చూసి నేసిన వాక్యం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో జరిగిన సంగతి ఇది. గద్వాలలో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. నేను చీరలకు డిజైన్లు గీస్తాను, నా భార్య పద్మ నేస్తుంది. మగ్గం మీద జకార్డు అని ఒక యంత్రం ఉంటుంది. ఏ దారం ఎప్పుడు పైకి లేవాలో దానికి చెప్పేవి చిల్లులు పొడిచిన అట్టలు. ఆ చిల్లులు ఎక్కడ పడాలో గళ్ల కాగితం మీద గుర్తులు పెట్టడం నా పని. దాన్ని మేము గ్రాఫ్ అంటాం. ముప్పై ఏళ్లుగా హంసలు, నెమళ్లు, మామిడి పిందెలు గీస్తున్నాను. అక్షరాలు గీసింది మాత్రం చాలా తక్కువ.

ఒక పొద్దున బిజినేపల్లి నుంచి సునందమ్మ అని ఒకావిడ వచ్చింది. మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైందట. తెల్లని నూలు గుడ్డ మీద ఎర్రపట్టుతో బైబిలు వాక్యం ఒకటి ఇంగ్లీషులో నేసివ్వాలని అడిగింది.

"మా మేట్రనమ్మకు తమ్మీ. మాకు పని నేర్పిన పెద్ద నర్సు. ఇప్పుడు వనపర్తిల తమ్ముని బిడ్డ ఇంట్ల ఉంటది. మతి పోయింది. మమ్ముల్ని గుర్తువడ్తలేదు. గని ఆ వాక్యం మొదలువెడితే ఆఖరుదాంక చెప్తది. చెప్పినంక జరసేపు మనిషి మనిషి లెక్క ఉంటది. మంచం పక్కన గోడకు, చెయ్యందేటట్టు కడ్తం."

ఆ వాక్యం పాత వార్డు గోడ మీద ఒకే వరుసలో రాసి ఉండేదట. రోజూ డ్యూటీ ఎక్కే ముందు మేట్రనమ్మ అందరి చేత చదివించేదట. నెల చివరి ఆదివారం పాత నర్సులంతా వనపర్తిలో కలుస్తున్నారు, గుడ్డ అప్పటికి కావాలి. సునందమ్మ ఒక చీటీ మీద బైబిల్లోని పుస్తకం పేరు, అధ్యాయం, వచనం నంబర్లు రాసిచ్చి, బస్సుకు వేళైందని వెళ్లిపోయింది.

మా పనిలో నంబరు చెబితే అన్నీ చెప్పినట్టే. మా చీరలు కొనే సేటు ఫోన్ చేసి ఫలానా నంబరు డిజైన్ అంటాడు, మేము నేస్తాం, ఒక్క పువ్వు కూడా తేడా రాదు. బైబిలు నంబరూ అలాంటిదే అనుకున్నాను. ఫోన్‌లో వెతికితే ఆ ఒక్క నంబరు కింద ఇంగ్లీషు వాక్యాలు ఒకదాని కింద ఒకటి దిగుతూనే ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో అనువాదమట. అప్పుడైనా ఆమెకు ఫోన్ చేసి అడగాల్సింది. అడగలేదు. ఒకే డిజైన్ వేరువేరు రంగుల్లో వచ్చినట్టు అనుకున్నాను.

మా జకార్డుకు దారాలను పైకి లేపే హుక్కులు రెండువందల నలభై. అడ్డంగా రాస్తే ఒక్కో అక్షరానికి పది హుక్కులు పోతాయి, అంటే ఖాళీలతో కలిపి ఇరవై నాలుగు అక్షరాలు పడతాయి. వరుసలో సరిగ్గా ఇమిడే పొట్టి వాక్యం ఒకటి దొరికింది. అదే గీశాను. హుక్కులు లెక్కపెట్టి బైబిలు అనువాదాన్ని ఎంచుకున్నవాణ్ని లోకంలో బహుశా నేనొక్కడినే.

పది రోజుల తర్వాత సునందమ్మ చూడటానికి వచ్చింది. గుడ్డ సగం నేత అయ్యింది. వంగి చదివింది.

"ఈ మాటలు కావు తమ్మీ."

"నంబరు అదే కదమ్మా, చూసుకో. అర్థం గూడ అదేనంట," అన్నాను. గొంతులో కోపం నాకే వినబడింది.

"అర్థం అదే. నేను ఇంట్ల చదువుకునేది గూడ గిదే. కొన్ని బైబిళ్లల మాట వెంబడి మాట తెస్తరు. కొన్నిట్ల మనకు జల్ది సమజ్ అయ్యేటట్టు రాస్తరు. చదువుకోనీకి కొత్తది మంచిగనే ఉంటది. గని గిది చదువుకోనీకి కాదు, యాది చేసుకోనీకి. మొన్న మా బిడ్డ కొత్త దాంట్లకెల్లి చదివి వినిపించింది. రెండు మాటలకే మేట్రనమ్మ ఆగిపోయింది. దుప్పటి గుంజుకుంట ఏడ్చింది. ఎవరో తన సామాను జరిపిన్రనుకున్నది పాపం."

ఆమె నా పెన్సిల్ తీసుకుని, ఏ పుస్తకం చూడకుండా, గ్రాఫ్ కాగితం అంచున ఆ పాత వాక్యం రాసింది. లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది అక్షరాలు.

"రెండు వరుసలు చేస్త," అన్నాను.

"ఒద్దు. ఆమెకు కండ్లు మసక. వేలు పెట్టుకుంట పోతది. నీ పట్టు అక్షరం వేలికి తగుల్తదని గింత దూరం వచ్చిన. వరుస తెగితే ఆమె ఆడ్నే ఆగుతది."

కాదని చెప్పడానికి నా దగ్గర కావలసినన్ని కారణాలున్నాయి. హుక్కులు చాలవు, రోజులు చాలవు, గుడ్డ సగం పాడైంది. అవన్నీ చెప్పాను కూడా. అప్పుడు మగ్గం గుంటలోంచి పద్మ అంది: "ఇగో, అంచుల నెమళ్లు ఎన్నన్నా పోతయి గద. అక్షరాలు గూడ గట్లనే పండవెట్టు."

అంచు పొడుగు వైపు నడుస్తుంది. అటు హుక్కుల హద్దు ఉండదు, అట్టలు పెరుగుతాయి అంతే. అక్షరాలను పక్కకు పడుకోబెట్టి పొడుగునా నేస్తే వాక్యం ఎంతైనా సాగుతుంది, తర్వాత గుడ్డను అడ్డంగా కట్టుకోవచ్చు. గ్రాఫ్ ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న నాకు తట్టని మాట అది. సిగ్గుపడ్డాను, ఆ సిగ్గుతోనే పంతం కూడా వచ్చింది. "ఆదివారానికి గుడ్డ నీ చేతిల ఉంటది," అని సునందమ్మకు మాటిచ్చాను.

సగం నేసిన గుడ్డను కోసి పక్కన పెట్టాం. పడుకోబెట్టి మొదటిసారి గీసిన అక్షరాలు నేతలో పొట్టిగా, అణిగిపోయి వచ్చాయి. నిలువు దారాల లెక్కా అడ్డ దారాల లెక్కా ఒకటి కావు, ఆ తేడా చూసుకుని మొత్తం మళ్లీ గీశాను. చీర కోసం వచ్చిన సేటును తర్వాత రమ్మంటే ముఖం మాడ్చుకుని పోయాడు. పద్మకు ఇంగ్లీషు రాదు, పైగా అక్షరాలు పడుకుని ఉన్నాయి. అందుకని ఆమె నేస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుని, మెడ వంచి, ఒక్కొక్క అక్షరం సరిచూశాను. మూడు రోజులు మెడ తిరగలేదు. శనివారం మధ్యాహ్నం ఆఖరి అక్షరం పూర్తయింది.

ఆదివారం గుడ్డ పట్టుకుని నేనే వనపర్తి బస్సెక్కాను. మేట్రనమ్మ ఆ వాక్యం పలుకుతుందో లేదో నా కళ్లతో చూడకపోతే మనసు ఊరుకునేలా లేదు.

మేట్రనమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి. చుట్టూ సునందమ్మతో కలిపి ఐదుగురు పాత నర్సులున్నారు, ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. గుడ్డ కట్టాక సునందమ్మ ఆమె వేలు తీసి మొదటి అక్షరం మీద పెట్టింది. వేలు అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా కదిలింది. మేట్రనమ్మ మొదటి మాట పలికింది. రెండోది పలికింది. సగం దాటేసరికి వేలు వెనకబడింది, నోరు ముందుకు పోయింది. వాక్యం చివరిదాకా, ఎక్కడా తడబడకుండా చెప్పింది.

చెప్పి, తలెత్తి అందరినీ చూసి, "చేతులు," అంది.

ఐదుగురూ టక్కున వరుసగా నిలబడి చేతులు చాచారు. అందరూ అరవై దాటినవాళ్లే. "వాక్యం అయినంక మా గోర్లు చూసేది," అని సునందమ్మ నా చెవిలో చెప్పింది, ఆమె కళ్లు నిండిపోయి ఉన్నాయి. మేట్రనమ్మ ఒక్కొక్కరి వేళ్లు పట్టుకుని, కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది. చివర నేనున్నాను. నేనూ చాచాను. గ్రాఫ్‌కు వాడే ఎర్ర సిరా నా గోళ్లలో ఉంది.

"కడుక్కొని రా," అంది.

పెరట్లోకి పోయి, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాను. మళ్లీ చూసింది. "సరే. పనికి పో."

నా పనితనాన్ని మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట విన్నప్పుడు కలిగినంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడు ఎవరైనా అక్షరాలు నేయమని వస్తే నంబరు తీసుకోను. కావలసిన మాటలు వాళ్ల చేతనే రాయించుకుంటాను. ఇంగ్లీషు బైబిళ్లలో ఏది మంచిదని ఒకరిద్దరు నన్నే అడిగారు. నాకు తెలియదని చెప్పాను, చదివేది ఎవరని మాత్రం అడిగాను.