పదమూడో ఇల్లు

నిజాంసాగర్ నీళ్లన్నీ తెచ్చి ముందు పోసినా చుక్క తేడా లేకుండా పాళ్లు వేయగల మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన మా తాత లింబయ్య. బోధన్ పక్కన మా వాడలో పన్నెండిళ్లవాళ్లు కలిసి మేకను కోస్తే, నలభై ఏళ్లుగా పోగులు పెట్టేది ఆయనే. "నాకు బొక్కలే వచ్చినయి" అని ఇంతవరకు ఒక్కరూ గొణగలేదు.

తాత తూకం రాళ్లు ముట్టడు. మాంసాన్ని తక్కెడకు రెండు వైపులా వేసి, ముల్లు నిలిచేదాకా సర్దుతాడు. ఆ సగాలను మళ్లీ సగం. ఆ నాలుగింటిని మూడేసి. పన్నెండయ్యాయి. బొక్కలకూ అంతే, కొవ్వుకూ అంతే. ఒకసారి కార్జం పద్దెనిమిది ముక్కలైతే, ఇళ్లను ఆరు జతలు చేసి జతకు మూడు ముక్కలు ఇచ్చాడు. పన్నెండులోనూ పద్దెనిమిదిలోనూ ఆరు ఉందని సారు బెత్తంతో నాకు ఎక్కించలేనిది తాత కార్జంతో ఎక్కించాడు.

పోయిన ఆదివారం మాంసం మీద ఈగలు ముసురుతుండగా కావ్య గిన్నె పట్టుకుని వచ్చింది. నవీపేట్ నుంచి కొత్తగా కిరాయికి దిగారు. మొగుడు చెరుకు ట్రాక్టర్ నడుపుతాడు.

"మాకొక పోగు పెట్టు తాతా."

తాత మొహం పురుగును తొక్కినట్టయింది.

"పదమూడా? థూ! గదీ ఒక లెక్కనేనా? రెండుకు ఒంగది, మూడుకు ఒంగది. దేనికీ పగలని రోత లెక్క."

మా పుస్తకంలో దానికి ప్రధాన సంఖ్య అని పెద్ద పేరే ఉంది.

"ఇంకోటి కలిపి పద్నాలుగు సెయ్యి కాకా," అన్నాడు పక్కింటి భూమేష్.

"దాని కడుపుల ఏడు కూసున్నది. అదింకా కంపు."

"అయితే నా కరెంటు కాంట తెస్త."

"నీ కాంటనా? మొన్న పసుపులనే రెండు కిలోలు మింగింది. ఛీ, దూరం పెట్టు."

అందాజుగా పెడితే నలభై ఏళ్ల పేరు ఈగల పాలు. పెట్టకపోతే ఆ పిల్ల ఖాళీ గిన్నెతో పోవాలి. కావ్య అప్పటికే వెనక్కి తిరిగింది.

"ఏయ్ పిల్లా, ఆగు," అని కసిరి తాత తక్కెడ ఎత్తాడు. పన్నెండు పోగులే పెట్టాడు. చివరిది ఆమె గిన్నెలో వేసి, చేతులు వాసన చూసుకుని మొహం చిట్లించాడు. మా ఇంటికి పోగు లేదు.

ఇంట్లో అవ్వ మసాలా నూరి కూర్చుంది. నాకు కడుపు మండింది.

"పదమూడు పగలక ఓడిపోయినవు గద తాతా?"

"ఓడిపోలే. లెక్కల నుంచి నిన్ను తీసేసిన. నోర్మూసుకొని పప్పు తిను."